కిలిమంజారో ఎక్కాలనుకుంటున్నారా? ముందు రోజుల లెక్క చూసుకోండి

టాంజానియాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు, అంటే 19,341 అడుగులు. ఆఫ్రికా ఖండంలో అంతకు మించిన కొండ లేదు. అయినా దాన్ని ఎక్కడానికి తాళ్ళు కట్టుకోనక్కర్లేదు, మంచుగొడ్డలి పట్టుకోనక్కర్లేదు. మామూలు దారుల్లో అడుగునుంచి శిఖరం దాకా నడకే. నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినప్పుడు వాటిలో ఇదీ ఒకటి. ఎవరెస్టు ఎక్కిన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ కూడా ఆ తర్వాత దీన్ని ఎక్కింది. వాళ్ళను చూసి మనమూ వెళ్దామనుకునేవాళ్ళు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ చాలామందే ఉన్నారు.

అయితే నడకే కదా అని తేలిగ్గా తీసుకుంటే దెబ్బతింటాం. శిఖరం చేరకుండా వెనక్కి తిరిగేవాళ్ళను ఎక్కువగా ఆపేది కాళ్ళు కాదు, ఎత్తు. పైన కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే, కాబట్టి ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా సగమే. శరీరం దీనికి అలవాటు పడగలదు కానీ దానికి సమయం కావాలి. జిమ్‌లో పెంచిన కండలు ఆ సమయాన్ని తగ్గించలేవు. అందుకే అసలు సలహా మొదటే చెప్తున్నాను: మీ దగ్గర డబ్బు పరిమితంగా ఉంటే కొత్త జాకెట్ మానుకోండి, కొండమీద ఇంకో రోజు ఉండేలా బుక్ చేసుకోండి.

దారి ఎలా ఎంచుకోవాలి

కొండమీదికి చాలా దారులున్నాయి. మరంగు దారిలో టెంట్లుండవు, చెక్క గదుల్లో పడుకోవచ్చు. అందుకే చాలామంది సులువనుకుని దాన్నే అడుగుతారు. దాన్ని ఎక్కువగా 5, 6 రోజుల ప్యాకేజీలుగా అమ్ముతారు, ఎక్కిన దారినే దిగాలి. ఉంబ్వే బాగా నిటారు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు వద్దు. రొంగాయ్ ఉత్తరాన కెన్యా సరిహద్దు వైపునుంచి మొదలవుతుంది, అటు వాన తక్కువ. మాచామె, లెమోషో దారులు రెండూ పడమర, దక్షిణాల వైపునుంచి తిరిగి చివరికి ఒకే దారిలో కలుస్తాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా మాట: 7 రోజుల మాచామె, లేదా 8 రోజుల లెమోషో.

మాచామెనే 6 రోజుల్లో కూడా అమ్ముతారు. ఆ ఒక్క రోజు తేడా ఎక్కడ పడుతుందో చూడండి. 7 రోజుల ప్యాకేజీలో నాలుగో రోజు బరాంకో క్యాంపు నుంచి కరంగా దాకా నడిచి అక్కడ పడుకుంటారు. ఐదో రోజు బరాఫు క్యాంపుకు మధ్యాహ్నానికల్లా చేరి, తిని, నిద్రపోయి, ఆ అర్ధరాత్రి శిఖరానికి బయల్దేరతారు. 6 రోజుల ప్యాకేజీలో కరంగా మజిలీ ఉండదు. బరాంకో నుంచి బరాఫుకు ఒకేరోజు నడిచి, సాయంత్రానికి అలసిపోయి చేరి, కొద్ది గంటలకే మళ్ళీ లేచి శిఖరానికి నడవాలి. మిగిలే డబ్బు కొంచెమే కానీ పోయేది మాత్రం సరిగ్గా అవసరమైన చోట దొరకాల్సిన విశ్రాంతి.

వెళ్ళే నెల విషయానికొస్తే జనవరి నుంచి మార్చి మొదటి రోజుల వరకు, మళ్ళీ జూన్ నుంచి అక్టోబర్ వరకు పొడిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు, నవంబర్‌లో చిన్న వానలు.

తేదీల గురించి ఇంకో మాట. ఆగస్టు 15నో జనవరి 26నో శిఖరం మీద జెండా ఎగరేయాలని ముహూర్తం పెట్టుకుని బయల్దేరేవాళ్ళున్నారు. ఆ కోరికను నేను గౌరవిస్తాను. కానీ ఫలానా రోజున పైన ఉండి తీరాలనుకున్నాక తలనొప్పి వచ్చినా, దగ్గు ముదిరినా ఆగాలనిపించదు. వెళ్ళకముందే ఫ్లెక్సీలు కట్టడం, సన్మానం పెట్టుకోవడం, స్పాన్సర్ పేరు ప్రకటించడం కూడా అలాంటివే. వాటితో వచ్చే టెన్షన్‌ను కొండమీదికి మోసుకెళ్ళకండి. జెండా బ్యాగులో పెట్టుకోండి, శిఖరం చేరినరోజే ఎగరేయండి.

పిల్లల విషయం మరీ గట్టిగా చెప్పాలి. కిలిమంజారో ఒక జాతీయ పార్కు; శిఖరం దాకా వెళ్ళడానికి ఆ పార్కు నిబంధనల ప్రకారం కనీస వయసు 10 ఏళ్ళు. ఆ వయసు నిండినంత మాత్రాన తీసుకెళ్ళాలని లేదు. తలలో ఎలా ఉంది, కడుపులో ఎలా ఉంది అన్నది చిన్నపిల్లలు సరిగ్గా చెప్పలేరు. నాన్న బాధపడతాడని దాచేస్తారు కూడా. రికార్డు కోసం పిల్లల్ని తీసుకెళ్ళొద్దు.

కంపెనీని ఏం అడగాలి

లైసెన్సున్న గైడ్ లేకుండా కిలిమంజారో మీదికి ఎవర్నీ పంపరు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గ్రూపు కట్టే ఏజెన్సీ ద్వారా వెళ్ళినా, పైన మిమ్మల్ని నడిపించేది టాంజానియా కంపెనీయే. అందుకే మొదటి ప్రశ్న: అక్కడి కంపెనీ పేరేంటి? చెప్పడానికి తటపటాయిస్తే ఇంకో ఏజెన్సీని చూసుకోండి.

ధర గురించి. పార్కు ఫీజు ఒక్కొక్కరికి రోజుకు 70 డాలర్లు, క్యాంపింగ్‌కు రాత్రికి 50, రెస్క్యూ ఫీజు ట్రిప్పుకు 20, వీటిమీద 18 శాతం పన్ను. ఇవి అప్పుడప్పుడూ మారతాయి కాబట్టి బుక్ చేసేముందు సరిచూసుకోండి. ఈ రేట్ల మీద 7 రోజుల ట్రిప్పుకు ప్రభుత్వానికి కట్టేదే 950 డాలర్లు దాటుతుంది. ఇప్పుడు ఎవరైనా 1,200 డాలర్లకే అంతా అయిపోతుందంటే ఆలోచించండి. మిగిలిన 250తో వారంరోజులపాటు గైడ్, వంటవాడు, ముగ్గురు నలుగురు పోర్టర్ల జీతాలు, తిండి, టెంట్లు, ఎయిర్‌పోర్టు నుంచి బండి ఎలా కుదురుతాయి? కుదరవు. కోత పడేది పోర్టర్ల జీతంలో, వాళ్ళు తినే పూటల్లో.

కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ పోర్టర్ల జీతం, తిండి, బట్టలు, పడక సరిగ్గా ఉన్నాయో లేదో గమనిస్తుంది. అలా చూసుకునే కంపెనీల జాబితా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. మీ కంపెనీ అందులో ఉందేమో చూడండి. ఒక్కో పోర్టర్ 20 కిలోలకు మించి మోయకూడదు. గేటు దగ్గర బరువులన్నీ తూకం వేస్తారు. పోర్టర్ మోసే మీ డఫెల్ బ్యాగ్ (పొడవాటి మెత్తని సంచి) 15 కిలోలు దాటకూడదని కంపెనీలు చెప్పేది అందుకే. ఆ 15 కిలోలతో పాటు పోర్టర్ తన దుప్పటి, బట్టలు కూడా మోసుకోవాలి.

ఇంకా అడగాల్సినవి: గైడ్‌కు ప్రథమచికిత్సలో శిక్షణ ఉందా, ఆక్సిజన్ సిలిండర్ వెంట తెస్తారా, పల్స్ ఆక్సీమీటర్‌తో పొద్దునా సాయంత్రం చూస్తారా, శిఖరం రాత్రి ఎంతమందికి ఒక గైడ్ ఉంటాడు? ఇద్దరికి ఒకరు ఉంటే మంచిది. ఒకరికి బాగోలేక కిందికి దించాల్సి వస్తే మిగిలినవాళ్ళకు గైడ్ మిగలాలి కదా.

వీసా, టీకాలు, ఇన్సూరెన్స్

భారత పాస్‌పోర్టుకు టాంజానియా ఈ-వీసా 50 డాలర్లు. ప్రభుత్వ సైట్‌లోనే అప్లై చేయండి, దాన్ని పోలిన నకిలీ సైట్లు ఉన్నాయి. దిగాల్సింది కిలిమంజారో అంతర్జాతీయ విమానాశ్రయంలో. ఇక్కడినుంచి మామూలుగా అడ్డిస్ అబాబా, దోహా, నైరోబీల్లో ఎక్కడో ఒకచోట విమానం మారాలి. అక్కడినుంచి మోషి పట్టణానికో అరూషా నగరానికో బండిలో వెళ్తారు.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. అడ్డిస్ అబాబా ఉన్న ఇథియోపియా, నైరోబీ ఉన్న కెన్యా రెండూ ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. విమానం ఆలస్యమై అక్కడ చాలాసేపు ఉండిపోవాల్సొస్తే టాంజానియాలో సర్టిఫికెట్ అడుగుతారు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్‌కు పంపే అవకాశం ఉంది. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు, గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి ఆఖరి వారం దాకా ఆగకండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒక్క వాక్యం వెతకండి: ఎన్ని మీటర్ల ఎత్తు వరకు ట్రెకింగ్‌ కవర్ అవుతుంది? మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు 6,000 మీటర్ల దాకా రావు. హెలికాప్టర్‌లో దించే ఖర్చు కూడా అందులో ఉండాలి.

నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్‌కు ఎత్తు ఎంతో చెప్పి మరీ చూపించుకోండి. "ట్రెకింగ్‌కి వెళ్తున్నా" అంటే సరిపోదు, "5,895 మీటర్లు" అని చెప్పండి. అదే కూర్చోవడంలో డయామాక్స్ గురించి కూడా అడగండి. ఎత్తుకు శరీరం త్వరగా అలవాటు పడటానికి ఇచ్చే మాత్ర అది. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. వేళ్ళు చిమచిమలాడటం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం దాని మామూలు ప్రభావాలు. ఇంటిదగ్గరే ఒకట్రెండు రోజులు వాడి చూస్తే పైన కంగారుండదు.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

నాలుగు నుంచి ఆరు నెలలు పెట్టుకోండి. పరుగు కంటే మెట్లు మేలు. తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్ళ అదృష్టం, అలిపిరి నడకదారిలో 3,550 మెట్లున్నాయి. మనం మామూలుగా ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగుతాం. ఈసారి నడిచే దిగండి. కిలిమంజారో మోకాళ్ళను పరీక్షించేది దిగేటప్పుడే. మెట్లదారి లేని ఊళ్ళో అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఐదారు కిలోల నీళ్ళ బాటిళ్ళు బ్యాగులో వేసుకుని ఎక్కి దిగండి. శని, ఆదివారాలు రెండు రోజులూ వరసగా ఐదారు గంటలు నడవడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే అక్కడ నిన్నటి అలసట తీరకముందే ఇవాళ నడవాలి.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఎత్తుకు శరీరాన్ని అలవాటు చేసే కొండ లేదు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన జింధగడ శిఖరం కూడా 1,700 మీటర్లలోపే. వీలైతే ముందు ఏడాది హిమాలయాల్లో 3,800 మీటర్లున్న కేదార్‌కాంఠ లాంటి ట్రెక్ ఒకటి చేయండి. అలా వచ్చిన అలవాటు కొన్ని వారాల్లోనే పోతుంది, నిజమే. కానీ చలిలో టెంట్‌లో పడుకోవడం, ఎత్తులో మీ తల, కడుపు ఎలా ఉంటాయన్నది తెలుస్తుంది. సెలవులు, డబ్బు ఉన్నవాళ్ళు అరూషా దగ్గరున్న 4,566 మీటర్ల మేరు పర్వతం ఎక్కి, వెంటనే కిలిమంజారోకు వెళ్తారు. అది అన్నిటికంటే మంచి తయారీ.

ఏం తీసుకెళ్ళాలి

బూట్లు మాత్రం సొంతవే, కొత్తవి మాత్రం కావు. వేలు కదిలేంత ఖాళీ ఉన్నవి కొని, ఇక్కడే కనీసం నూరు కిలోమీటర్లు నడిచి తీసుకెళ్ళండి. విమానంలో వాటిని కాళ్ళకే వేసుకోండి. బ్యాగు తప్పిపోయినా మిగిలినవన్నీ మోషిలో అద్దెకు దొరుకుతాయి, మీ కాలికి అలవాటైన బూట్లు దొరకవు. స్లీపింగ్ బ్యాగ్, మెత్తటి ఈకలు నింపిన మందపాటి డౌన్ జాకెట్, ట్రెకింగ్ కర్రలు అక్కడే అద్దెకు తీసుకోవడం తెలివైన పని. మళ్ళీ వాడతామో లేదో తెలియని వాటికి ఇక్కడ వేలు పోయక్కర్లేదు.

థర్మల్స్ (ఒంటికి అంటుకుని ఉండే వెచ్చని లోదుస్తులు) రెండు జతలు, ఫ్లీస్ (ఉన్నిలాంటి మెత్తటి స్వెటర్), గాలీ వానా ఆపే పైకోటు, ప్యాంటు, మంకీ క్యాప్, లోపలివి పల్చగా బయటివి మందంగా రెండు రకాల గ్లవ్స్, ఉన్ని సాక్సులు, హెడ్‌ల్యాంప్, దానికి అదనపు బ్యాటరీలు, చలువ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్. కాటన్ బనియన్లు వద్దు, చెమటకు తడిస్తే ఆరవు, తడి ఒంటిమీదే చల్లబడుతుంది.

టాంజానియాలో 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. ప్రతిదాన్నీ ఒక కవర్లో చుట్టి సర్దడం మన అలవాటు కదా, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. గుడ్డ సంచులు వాడండి. ఒకసారి వాడి పారేసే నీళ్ళ బాటిళ్ళను కూడా పార్కులోకి రానివ్వరు. లీటరు పట్టే గట్టి బాటిళ్ళు రెండు, గొట్టంతో తాగే నీళ్ళ సంచి ఒకటి ఉంటే సరిపోతుంది.

తిండి వంటవాడే చేస్తాడు: పొద్దున గంజి, గుడ్లు, బ్రెడ్డు; సాయంత్రం టీతో పాప్‌కార్న్; రాత్రి సూప్, అన్నమో పాస్తానో. శాకాహారులైతే బుకింగ్ రోజే చెప్పండి, గుడ్డు తింటారో లేదో కూడా. 4,000 మీటర్లు దాటాక ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు నోటికి రుచి తగిలేదేదైనా నాలుగు ముద్దలు ఎక్కువ తినిపిస్తుంది. సీల్ చేసిన కారప్పొడి, నిమ్మకాయ ఊరగాయ, వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు పెట్టుకోండి. పల్లీచిక్కీ మంచిదే కానీ శిఖరం రాత్రి చలికి రాయిలా గట్టిపడుతుంది, పళ్ళకు కష్టం. ఇంటిదగ్గరే చిన్న ముక్కలు చేసి, ఆ రాత్రి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. ఖర్జూరాలు, నువ్వులుండలు కూడా అంతే.

డాలర్లు నగదుగా ఉండాలి. పాతవి, చిరిగినవి తీసుకోరు, 2009 తర్వాత అచ్చయిన శుభ్రమైన నోట్లే అడిగి తీసుకోండి. గైడ్లకూ పోర్టర్లకూ అందరికీ కలిపి ఇచ్చే టిప్స్ కోసం ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరూ 250 నుంచి 300 డాలర్లు విడిగా, చిన్న నోట్లలో పెట్టుకోండి.

కొండమీద రోజులు

7 రోజుల మాచామె దారిలో రోజులు ఎలా గడుస్తాయో చూడండి. మాచామె గేటు దాదాపు 1,800 మీటర్ల దగ్గర ఉంటుంది. మొదటిరోజు దట్టమైన అడవి, బురద, చెట్లమీద నలుపూ తెలుపూ కలిసిన కొలబస్ కోతులు. రెండోరోజుకు చెట్లు పొట్టివై, శిరా క్యాంపుకు వచ్చేసరికి 3,800 మీటర్లు దాటతారు. మీ పోర్టర్లు నెత్తిన బరువులతో మిమ్మల్ని దాటుకుని చకచకా వెళ్ళిపోతుంటారు. వాళ్ళతో పోటీ పడొద్దు. పక్కకు జరిగి దారివ్వండి. గైడ్లు "పోలే పోలే" అంటూ ఉంటారు, నెమ్మదిగా అని. ఎంత నెమ్మదిగా అంటే నడుస్తూ పక్కవాళ్ళతో ఆగకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం తగ్గించాలి. మొదటి మూడు రోజులు ఒంట్లో బలం ఉంటుంది కాబట్టి ఇది విసుగనిపిస్తుంది. అయినా పాటించండి.

మూడోరోజు లావా టవర్ అనే చోటికి, 4,600 మీటర్ల దాకా ఎక్కించి, మధ్యాహ్నం భోజనం చేయించి, మళ్ళీ బరాంకోకు, 4,000 మీటర్ల లోపుకు దింపుతారు. ఎందుకీ వృథా శ్రమ అనిపిస్తుంది. పగలు పైకెక్కి ఎత్తు రుచి చూపించి, రాత్రి కింద పడుకోబెడితే శరీరం త్వరగా అలవాటు పడుతుంది. ఈ ట్రిప్పు మొత్తానికి అది అన్నిటికంటే విలువైన రోజు. చాలామందికి మొదటి తలనొప్పి అక్కడే వస్తుంది, దిగగానే తగ్గుతుంది.

నాలుగోరోజు పొద్దున్నే బరాంకో గోడ. ఫొటోల్లో చూసి భయపడతారు కానీ చేతులు ఆనించి ఎక్కే రాళ్ళదారే. కర్రలు బ్యాగులో కట్టేసి, గైడ్ ఎక్కడ అడుగేశాడో అక్కడే వేయండి. ఆపైన కరంగా. అక్కడి వాగే ఈ దారిలో చివరి నీళ్ళు. మర్నాడు బరాఫులో మీరు తాగే ప్రతి చుక్కా పోర్టర్లు కరంగా నుంచి మోసుకొచ్చిందే. అక్కడ ముఖం కడుక్కోవడానికి వేడినీళ్ళు అడగకుండా ఉంటే బాగుంటుంది.

రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలి. మూత్రం లేత రంగులో ఉందంటే సరిపోతున్నట్టే. మద్యం, నిద్రమాత్రలు పూర్తిగా మానేయండి.

ఒంట్లో ఎలా ఉందో దాచొద్దు

ఇది మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. "ఆఁ, తలనొప్పేగా, అదే పోతుంది" అనడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటు. గైడ్ అడిగితే "ఐ యామ్ ఫైన్" అంటాం. ఆయన మీ ముఖం చూసి కొంత కనిపెడతాడు కానీ అంతా కనిపెట్టలేడు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం, ఇవి అక్కడ చాలామందికి వచ్చేవే. నీళ్ళు తాగి, తిని, విశ్రాంతి తీసుకుని, మాత్ర వేసుకుంటే తగ్గితే పర్వాలేదు. తగ్గకపోతే పైకెళ్ళకూడదు. ప్రాణం మీదికి తెచ్చేవి రెండు. మొదటిది మెదడు వాపు: మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తాడు. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం: కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు ముదురుతుంది, నురగో గులాబీరంగు కళ్ళెయో పడుతుంది, పెదాలు నీలంగా మారతాయి. ఈ రెండింటికీ అసలు వైద్యం కిందికి దిగడమే. అర్ధరాత్రైనా సరే, తెల్లారేదాకా ఆగకూడదు. ఆక్సిజన్ సిలిండర్ ఉన్నది దిగేటప్పుడు ఊతానికే. అది పట్టుకుని పైకి నడవడానికి కాదు.

తోటివాళ్ళను పరీక్షించడానికి ఒక పద్ధతి నేర్చుకోండి. చదునైన చోట ఒక గీత ఉందనుకుని దానిమీద నడవమనండి: ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు తగిలేలా, పది అడుగులు. బాగున్న మనిషి కాస్త అటూఇటూ ఊగినా నడిచేస్తాడు. మెదడు మీద ప్రభావం పడినవాడు మూడు నాలుగు అడుగులకే పక్కకు ఒరిగిపోతాడు. ఒరిగితే ఇక చర్చ లేదు, గైడ్‌ను పిలిచి దించేయాలి. భార్యాభర్తలు, స్నేహితులు వెళ్తుంటే దీన్ని రోజూ సాయంత్రం ఒకరికొకరు చేయండి. అలవాటైన పని కాబట్టి అవసరమైన రోజున ఎవరికీ తప్పుపట్టినట్టు అనిపించదు.

ఇంకోటి, బరాఫులో కాదు, మొదటిరోజు గేటు దగ్గరే గైడ్‌తో చెప్పండి: "మీరు దిగమంటే నేను దిగుతాను, బతిమాలను." పైన ఆక్సిజన్ తక్కువైన బుర్రతో తీసుకునే నిర్ణయం మీద నమ్మకం పెట్టుకోకూడదు. కింద ఉన్నప్పుడే మాట ఇచ్చేస్తే ఆయన పని తేలికవుతుంది.

శిఖరం రాత్రి

బరాఫు క్యాంపు 4,670 మీటర్ల ఎత్తులో, రాళ్ళమీద ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకల్లా తిని పడుకోవాలి. నిద్ర పట్టకపోయినా కళ్ళు మూసుకుని ఉండండి. బట్టలన్నీ వేసుకునే వరసలో ముందే పేర్చుకోండి. మర్నాటి సాక్సులు, గ్లవ్స్, ఫోన్, బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకుంటే వెచ్చగా ఉంటాయి.

పదకొండింటికి లేపుతారు. టీ, బిస్కెట్లు. కాళ్ళకు థర్మల్, ఫ్లీస్ ప్యాంటు, పైన గాలిని ఆపేది. ఒంటిమీద రెండు థర్మల్స్, ఫ్లీస్, డౌన్, పైకోటు. సాక్సులు రెండు జతలు బిగించి వేయకండి, రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. మందపాటి ఉన్నిది ఒక్కటి, లోపల కావాలంటే పల్చటిది. నీళ్ళ బాటిల్‌లో వేడినీళ్ళు పోసుకుని, బ్యాగులో తలకిందులుగా పెట్టుకోండి. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి, అలా పెడితే మూతవైపు తెరుచుకునే ఉంటుంది. గొట్టం సంచి ఆ రాత్రి పనికిరాదు, గొట్టంలో నీళ్ళు మొదటి గంటలోనే గడ్డకడతాయి.

అర్ధరాత్రి బయల్దేరతారు. చలి సున్నాకు పది, కొన్ని రాత్రులు ఇరవై డిగ్రీలు కిందికి పోతుంది, గాలి వేరే. కనిపించేది ముందువాళ్ళ మడమలమీద పడే మీ హెడ్‌ల్యాంప్ వెలుతురే. పైకి చూస్తే కొండ పొడవునా దీపాల వరస, ఇంకెంత ఉందోనని గుండె జారుతుంది. పైకి చూడకండి. అడుగు వేసి, వెనకకాలు నిటారుగా పెట్టి బరువంతా దానిమీద మోపి, ఒక శ్వాస తీసుకుని, రెండో అడుగు. గంటకోసారి ఆగినప్పుడు ఒక ఖర్జూరం, రెండు గుక్కల నీళ్ళు. ఐదు నిమిషాలకు మించి కూర్చోవద్దు, ఒళ్ళు చల్లబడి నిద్ర ముంచుకొస్తుంది. వేళ్ళు తిమ్మిరెక్కితే వెంటనే చెప్పండి. తెల్లారుజామున మూడు, నాలుగు గంటల మధ్య అన్నిటికంటే కష్టం. ఆ సమయంలో ఏడుపు వస్తుంది, ఎందుకొచ్చానా అనిపిస్తుంది. అలసటకూ జబ్బుకూ తేడా అక్కడే చూసుకోవాలి: అలసినవాడు తిని, తాగి, రెండు నిమిషాలు ఆగితే మళ్ళీ తిన్నగా నడుస్తాడు. జబ్బుపడినవాడు నడవలేడు.

సూర్యోదయం వేళకు స్టెల్లా పాయింట్ చేరతారు, అగ్నిపర్వత బిలం అంచు మీద. అక్కడినుంచి కిలిమంజారోలో అన్నిటికంటే ఎత్తైన ఉహురు శిఖరానికి ముప్పావు గంటో గంటో, వాలు తక్కువ. ఎడమవైపు హిమానీనదాలు కనిపిస్తాయి. శిఖరం బోర్డు దగ్గర పదిహేను నిమిషాలు చాలు. ఫొటోలు, జెండా అయ్యాక కిందికి నడవండి, ప్రమాదాలు ఆ తర్వాత కూడా జరుగుతాయి.

దిగడం, దిగాక

శిఖరం నుంచి బరాఫుకు వదులు కంకర మీద రెండు మూడు గంటల్లో దిగుతారు. కాసేపు పడుకుని, తిని, మళ్ళీ 3,100 మీటర్ల మ్వెకా క్యాంపుదాకా నడక. ఒకేరోజు దాదాపు 2,800 మీటర్లు దిగుతారన్నమాట. ముందురోజే కాలిగోళ్ళు కత్తిరించుకోండి. దిగేముందు చీలమండ దగ్గర లేసులు గట్టిగా బిగిస్తే పాదం ముందుకు జారదు, గోళ్ళు నల్లబడవు. కర్రల పొడవు కాస్త పెంచి, వాటిమీద బరువు వేసి, చిన్న అడుగులతో దిగండి.

చివరిరోజు పొద్దున పోర్టర్లు పాటలు పాడి వీడ్కోలిస్తారు. టిప్స్ ఇచ్చేటప్పుడు ఎవరికెంతో అందరికీ వినపడేలా చెప్పి, వీలైతే ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వండి. మొత్తం ఒకరికే ఇస్తే అందరికీ సమానంగా అందిందో లేదో మీకు తెలియదు. పనికొచ్చే గ్లవ్స్, ఫ్లీస్, మంకీ క్యాప్ ఉంటే వదిలిపెట్టండి, వాళ్ళ తర్వాతి ట్రిప్పులో ఉపయోగపడతాయి.

మోషి ఎత్తు తక్కువ, అక్కడ దోమలుంటాయి, మలేరియా ఉంది. వెళ్ళేముందు డాక్టర్ మలేరియా మాత్రలు రాసిస్తే, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడండి. ఇంటికొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే వైరల్ అనుకుని పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. అదేరోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, టాంజానియా వెళ్ళొచ్చానని మొదటిమాటగా చెప్పి, మలేరియా రక్తపరీక్ష అడిగి చేయించుకోండి.